అవయవ మార్పిడి, పురుగుల జబ్బులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కిడ్నీ లేదా లివర్ మార్పిడికి సిద్ధమవుతున్నవాళ్లు, ఆపరేషన్ అయి మందుల మీద ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు పురుగుల గురించి మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. వీటిలో సగానికి పైగా స్ట్రాంజిలాయిడిస్ అనే ఒక్క పురుగు గురించే. మిగతా పురుగులు చాలావరకు ఇబ్బంది పెట్టి వదిలేస్తాయి, ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకునేలా రాశాం కాబట్టి కొన్ని విషయాలు రెండుసార్లు వస్తాయి. మందుల మోతాదులు అవగాహన కోసమే. ఏ మాత్ర అయినా మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ రాస్తేనే వేసుకోండి.

## ఆపరేషన్‌కు ముందు

కిడ్నీ మార్పిడికీ కడుపులో పురుగులకూ సంబంధం ఏమిటి?

కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ (ఇది స్టెరాయిడ్) లాంటి మందులతో రోగనిరోధక శక్తిని తగ్గిస్తారు. అప్పటిదాకా పురుగులను అదుపులో పెట్టింది కూడా ఆ శక్తే.

ఏలికపాములు, కొంకిపురుగుల విషయంలో దీనివల్ల పెద్ద ముప్పు ఉండదు. వాటి గుడ్లు మలంతో బయటికి వచ్చి, మట్టిలో కొన్నాళ్లు ఎదిగితే తప్ప మళ్లీ మనిషికి అంటవు. కాబట్టి కడుపులో ఉన్నవి ఉన్నన్నే ఉంటాయి, వాటంతటవి పెరగవు. స్ట్రాంజిలాయిడిస్ తీరు వేరు. సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుండే ఆడపురుగు చిన్నపేగు గోడలో దాక్కుని, మగపురుగు అవసరం లేకుండానే గుడ్లు పెడుతుంది. అవి పేగులోనే పిల్లలవుతాయి. వాటిలో కొన్ని బయటికి పోకముందే ముదిరి, పేగు గోడనో మలద్వారం దగ్గరి చర్మాన్నో తొలుచుకుని రక్తంలోకి వెళ్తాయి. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, గొంతులోకి, మింగితే తిరిగి పేగులోకి. ఇలా బయటి మట్టితో పనిలేకుండా ఒంట్లోనే తరాలు గడిపేస్తుంది. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఈ సంఖ్య కొద్దిగానే ఉంటుంది. స్టెరాయిడ్ మొదలయ్యాక అడ్డూ అదుపూ ఉండదు.

నేను పల్లెలో పెరిగాను కానీ ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాను. నాకూ పరీక్ష కావాలా?

కావాలి. ఈ పురుగు ఒంట్లోనే మళ్లీ మళ్లీ పుడుతుంది కాబట్టి దశాబ్దాలు గడిచినా తనంతట పోదు. రెండో ప్రపంచ యుద్ధంలో థాయ్‌లాండ్–బర్మా రైలు మార్గం పనిలో జపాన్ సైన్యం చేతిలో ఖైదీలుగా ఉన్న సైనికుల్లో, ఇంటికి తిరిగొచ్చిన ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా ఇది దొరికింది. అంతకాలం వాళ్లు చల్లటి దేశాల్లో, బూట్లు వేసుకునే బతికారు. పదేళ్ల వయసులో ఉత్త కాళ్లతో చేలో తిరిగినప్పుడు మట్టిలోంచి పాదాల చర్మం గుండా ఎక్కిన పురుగు యాభై ఏళ్లకు కిడ్నీ మార్పిడి నాటికి అలాగే ఉండొచ్చు. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

డాక్టర్‌కు నా గురించి ఏమేం చెప్పాలి?

షుగర్, బీపీ, గుండె గురించి అడుగుతారు గానీ చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగారా అని అడిగేవాళ్లు తక్కువ. అడగకపోయినా మీరే చెప్పండి.

వరి నాట్లు, కలుపు, ఉపాధి హామీ మట్టిపని, జీడి, కొబ్బరి తోటల పని చేశారా? ఉత్త కాళ్లతో చేసేవారా? ఊళ్లో బహిర్భూమికి బయటికి వెళ్లేవాళ్లా? ఇవన్నీ మీ చికిత్సను మార్చగల వివరాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల కిడ్నీ జబ్బు వచ్చిన వాళ్లలో ఎక్కువమంది మట్టిలో పనిచేసేవాళ్లే కాబట్టి అక్కడివాళ్లు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి.

నడుము కింద, పిరుదుల మీద, తొడల మీద వచ్చిపోయే దురద గీతలు, ఏళ్ల తరబడి ఉన్న కడుపు నొప్పి, కారణం తెలియకుండా రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) పెరగడం గురించి చెప్పండి. ఆస్తమా అని స్టెరాయిడ్ ఇస్తే తగ్గాల్సింది పోయి ఆయాసం పెరిగిన అనుభవం ఉంటే తప్పకుండా చెప్పండి. ఇంట్లో ఎవరికైనా బోదకాలు, వరిబీజం ఉన్నా, మీకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, గొర్రెల మందలు, కుక్కల మధ్య పెరిగినా చెప్పాలి. యెమెన్, ఈజిప్ట్, ఆఫ్రికా దేశాల్లో పనిచేసినవాళ్లు అక్కడి చెరువుల్లో, కాలువల్లో దిగారా అన్నది కూడా ముఖ్యం. ఆ నీళ్లలో షిస్టోసోమా అనే రక్తనాళాల పురుగు ఉంటుంది.

మల పరీక్షలో పురుగులు లేవని వచ్చింది. ఇక ఫర్వాలేదా?

ఒక్కసారి చేసిన మల పరీక్షను నమ్ముకోకూడదు. స్ట్రాంజిలాయిడిస్ పిల్లలు చాలా కొద్దిగా, అదీ రోజూ కాకుండా అప్పుడప్పుడు బయటికి వస్తాయి. ఒంట్లో పురుగున్న వాళ్లలో కూడా ఒకే నమూనా చూస్తే ఎక్కువసార్లు దొరకదు. కనీసం మూడు వేర్వేరు రోజుల నమూనాలు ఇవ్వాలి. మామూలు స్లైడు కన్నా అగార్ ప్లేట్ కల్చర్ మెరుగు. మలాన్ని అగార్ మీద వేసి ఉంచితే పురుగు పిల్లలు పాకుతూ బాక్టీరియాను వెంట లాక్కెళ్తాయి, ఆ జాడలు కనిపిస్తాయి. ల్యాబ్‌కు పంపే చీటీ మీద స్ట్రాంజిలాయిడిస్ కోసం అని ప్రత్యేకంగా రాయించుకోండి. మామూలుగా పంపితే గుడ్ల కోసం వెతికి ఊరుకునే అవకాశం ఉంది, ఈ పురుగు గుడ్లేమో మలంలో కనిపించవు.

రక్త పరీక్ష ఉందటగా, అది చేయించుకుంటే సరిపోతుందా?

ఉంది. స్ట్రాంజిలాయిడిస్ ఐజీజీ అనే యాంటీబాడీ పరీక్ష. మల పరీక్ష కన్నా ఇదే ఎక్కువ కేసులు పట్టుకుంటుంది. రెండు చిక్కులున్నాయి. ఫైలేరియా (బోదకాలు తెచ్చే పురుగు) లాంటి వేరే పురుగులున్నా ఇది పాజిటివ్ చూపించవచ్చు. రెండోది, రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లలో ఒళ్లు యాంటీబాడీలు సరిగా తయారు చేయదు కాబట్టి పురుగున్నా నెగటివ్ రావచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత కన్నా ముందే చేయించుకోవాలి. అన్ని ఊళ్లలో దొరికే పరీక్ష కాదు, పెద్ద ల్యాబ్‌కు పంపాల్సి వస్తుంది. రిపోర్టు కోసం ఆగే వ్యవధి లేకపోతే, మట్టితో సంబంధం ఉన్న ప్రాంతాల వాళ్లకు పరీక్ష లేకుండానే ముందు జాగ్రత్తగా ఈ పురుగుకు మందైన ఐవర్‌మెక్టిన్ ఇచ్చేసే పద్ధతి కూడా ఉంది. మా అభిప్రాయంలో మన పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఇది సబబైన దారి.

ఈసినోఫిల్స్ నార్మల్‌గా ఉంటే పురుగులు లేనట్టేగా?

కాదు. పెరిగి ఉంటే పురుగులున్నాయేమోనని అనుమానించాలి, పెరగకపోతే లేవని మాత్రం తేల్చలేం. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో ఆ మందే ఈసినోఫిల్స్‌ను అణిచేస్తుంది. తీవ్రమైన దశలో ఉన్న రోగుల్లో ఇవి సున్నా దగ్గర ఉండటం మామూలే.

స్కూళ్లలో ఇచ్చే నులిపురుగుల మాత్ర నేనూ వేసుకున్నాను. ఇంకా మందెందుకు?

ఈ పేజీలో అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు పిల్లలకిచ్చేది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర. ఏలికపాములకు, కొంకిపురుగులకు అది మంచి మందే, ఆ కార్యక్రమం ఉద్దేశమూ అదే. స్ట్రాంజిలాయిడిస్‌కు ఒక్క ఆల్బెండజోల్ మాత్ర చాలదు. రోజుకు రెండుసార్లు చొప్పున మూడు నుంచి ఏడు రోజులు వాడినా ఐవర్‌మెక్టిన్ అంత బాగా పనిచేయదు. కాబట్టి ఎవరైనా “డీవార్మింగ్ అయిపోయింది” అంటే, ఏ మందుతో అయిందో అడగండి.

ఐవర్‌మెక్టిన్ ఎలా ఇస్తారు?

సాధారణంగా కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి ఒకటి లేదా రెండు రోజులు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. మొదటిసారి తప్పించుకున్నవి ఈలోగా ఎదిగితే రెండోసారి దొరుకుతాయి. తేదీ ముందే తెలిసిన ఆపరేషన్ అయితే ఈ రెండు విడతలూ అంతకు ముందే పూర్తి చేయాలి. కిడ్నీ పనిచేయని వాళ్లకు మోతాదు తగ్గించనక్కర్లేదు, ఈ మందు ఎక్కువగా లివర్ ద్వారానే పోతుంది. తల తిరగడం, వికారం కొద్దిగా ఉండొచ్చు. మత్తుగా ఉన్నా, నడక తూలినా వెంటనే ఫోన్ చేయాలి. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. మధ్య ఆఫ్రికాలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు ముందు లోవా లోవా అనే కంటిపురుగు లేదని చూసుకోవాలి, అది ఉంటే ఈ మందుతో మెదడు దెబ్బతినవచ్చు.

కరోనాలో పనికిరాదన్న మందే కదా ఇది?

అదే మందు. కరోనాకు పనికిరాలేదు, పురుగులకు మాత్రం తిరుగులేదు. దీన్ని కనుగొన్నందుకే సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అసలు కరోనాకూ ఈ పురుగుకూ ఉన్న సంబంధం వేరు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించుకున్న రోగుల్లో కొందరికి ఒంట్లో నిద్రపోతున్న స్ట్రాంజిలాయిడిస్ లేచింది.

నాకు బోదకాలు ఉంది. కిడ్నీ మార్పిడి చేయరా?

బోదకాలు ఉన్నంత మాత్రాన తిరస్కరించరు. కాలు వాపు మిగిలిపోయినా రక్తంలో పురుగు పిల్లలు లేకపోవచ్చు. అది తేల్చడానికి రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య రక్తం తీస్తారు, మన ప్రాంతపు ఫైలేరియా పిల్లలు ఆ వేళలోనే రక్తంలో తిరుగుతాయి. ఏ వేళ తీసిన రక్తంతోనైనా చేయగల యాంటీజెన్ పరీక్ష కూడా ఉంది. పురుగు ఉంటే ముందే మందు వాడతారు. ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్ర కిడ్నీ ద్వారానే పోతుంది కాబట్టి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు మోతాదు డాక్టరే లెక్కకట్టాలి. ఊళ్లో ఇంటింటికీ పంచే ఫైలేరియా మాత్రలు మింగే ముందు, మీరు డయాలసిస్ మీద ఉన్నారని గానీ, మార్పిడి అయిందని గానీ పంచేవాళ్లకు చెప్పండి. తీవ్రమైన జబ్బున్న వాళ్లకు ఆ మాత్రలు ఇవ్వరు.

నేను అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి డాక్టర్లకు ఇవన్నీ తెలుస్తాయా?

తెలుసు, కానీ మీరు చెప్తేనే గుర్తొస్తుంది. అక్కడి మార్గదర్శకాలు ఈ పురుగున్న దేశాల్లో పుట్టి పెరిగిన వాళ్లను పరీక్షించమంటాయి. ఫారంలో పౌరసత్వం చూసి ఊరుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఏ దేశంలో పెరిగారు, పల్లెలోనా పట్నంలోనా అన్నది మీరే ఎత్తండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి అక్కడ ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మొదలుపెట్టినా ఈ మాటే వర్తిస్తుంది.

## దాత విషయంలో

దాతకు పురుగులుంటే అవయవంతో పాటు నాకూ వస్తాయా?

రావచ్చు. కిడ్నీ, లివర్, గుండె, క్లోమం, పేగు మార్పిడుల ద్వారా స్ట్రాంజిలాయిడిస్ వచ్చిన కేసులు నమోదయ్యాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2012లో ఒకే దాత అవయవాలు అందుకున్నవాళ్లలో ఒకరి కంటే ఎక్కువమందికి ఇది సోకింది. పుట్టినప్పటి నుంచీ మట్టి ముఖం చూడని మనిషికి కూడా ఇలా రావచ్చు. ఒకరిలో బయటపడితే అదే దాత నుంచి అవయవాలు తీసుకున్న మిగతా వాళ్లందరికీ వెంటనే కబురు అందాలి.

మా అమ్మ కిడ్నీ ఇస్తోంది. ఆమె బాగానే ఉంది. ఆమెకూ పరీక్ష అవసరమా?

అవసరం. అమ్మ, నాన్న, భార్య, అక్క ఎవరైనా మీరు నడిచిన మట్టిలోనే నడిచినవాళ్లు. బతికున్న దాత విషయంలో మంచి సంగతి ఏమిటంటే వ్యవధి ఉంటుంది. రక్త పరీక్ష, మల పరీక్ష చేయించి, పాజిటివ్ వస్తే ఐవర్‌మెక్టిన్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ పెట్టుకోవచ్చు. దాత లివర్ స్కాన్‌లో నీటిబుడగ కనిపిస్తే అది హైడాటిడ్ (కుక్కల బద్దెపురుగు వల్ల వచ్చే తిత్తి) అవునా కాదా తేల్చాలి.

జీవన్‌దాన్ ద్వారా వచ్చే అవయవం సంగతేమిటి?

జీవన్‌దాన్ అంటే బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలను పంచే ప్రభుత్వ పథకం. అలాంటి దాత విషయంలో గంటల వ్యవధే ఉంటుంది. దాత రక్తం నిల్వ చేసి పరీక్షకు పంపితే రిపోర్టు ఆపరేషన్ తర్వాత వచ్చినా పనికొస్తుంది. పాజిటివ్ అని తేలితే అవయవాలు తీసుకున్న వాళ్లందరికీ వెంటనే ఐవర్‌మెక్టిన్ ఇస్తారు, జబ్బు ముదరకముందే ఆగిపోతుంది. దాత కుటుంబంతో మాట్లాడేటప్పుడు సమన్వయకర్తలు ఊరు, పని, విదేశాల్లో ఉన్న కాలం అడిగి రాసుకోవాలి.

దాతకు పురుగులున్నాయని తేలితే ఆ కిడ్నీ వదులుకోవాలా?

అక్కర్లేదు. మందున్న జబ్బు ఇది. దాతలో పురుగు ఒళ్లంతా వ్యాపించి సెప్సిస్‌తో (రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకి) చనిపోయిన సందర్భం వేరు, అప్పుడు తీసుకోరు. మామూలుగా యాంటీబాడీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన కిడ్నీ పారేయడం, ఇన్నేళ్లు లైన్‌లో ఉన్న మనిషికి అన్యాయం చేయడమే.

## ఆపరేషన్ తర్వాత మొదటి నెలలు

ఎప్పటిదాకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

మొదటి మూడు నెలలు అన్నిటికన్నా కీలకం, మందులు బలంగా ఉండేది అప్పుడే. దాత నుంచి వచ్చిన పురుగు ఎక్కువగా ఈ కాలంలోనే బయటపడుతుంది. ఆరు నెలల దాకా కన్ను వేసి ఉంచాలి. ఆ తర్వాత రిజెక్షన్ (కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టడం) వచ్చి స్టెరాయిడ్ పెంచితే మళ్లీ మొదటి రోజుల్లో ఉన్నట్టే లెక్క.

ఏ లక్షణాలు వస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి?

వాంతులు, విరేచనాలు, పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా కదలకపోవడం. దగ్గు, పిల్లికూతలు, కఫంలో రక్తం. బొడ్డు చుట్టూ, తొడల మీద వేలిముద్రలు వేసినట్టు ఊదా మచ్చలు. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం. వీటిలో కడుపు బాధ, ఊపిరి బాధ రెండూ కలిసి వస్తే అనుమానం రెట్టింపు కావాలి. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు జ్వరం రాకపోవచ్చు కాబట్టి జ్వరం లేదని ఇంట్లో కూర్చోవద్దు. మైకోఫినోలేట్ వల్ల కూడా విరేచనాలవుతాయి. “ఆ మందు వల్లే అయ్యుంటుంది” అని రోజులు గడిపేయడం చాలామంది చేసే పని.

రక్తంలో ఈ.కోలై వచ్చిందన్నారు. యాంటీబయాటిక్‌తో తగ్గి మళ్లీ వచ్చింది. దీనికి పురుగు కారణం కావచ్చా?

కావచ్చు. పురుగు పిల్లలు పేగు గోడను తొలుచుకుని రక్తంలోకి వెళ్లేటప్పుడు పేగులోని బాక్టీరియాను ఒంటికి అంటించుకుని పోతాయి. అలా రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, మెదడు పొరల్లోకి ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి చేరతాయి. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది, పురుగు మిగిలే ఉంటుంది, నాలుగు రోజులకు మళ్లీ మొదలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, కెథెటర్ శుభ్రంగా ఉంది, అయినా పేగు బాక్టీరియా రక్తంలోకి మళ్లీ మళ్లీ వస్తోందంటే పురుగు పిల్లల కోసం మలం, కఫం చూడమని అడగడం మీ హక్కు. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడే చోటు కాదిది.

రిజెక్షన్ అని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తామంటున్నారు. ముందు ఏం అడగాలి?

మిథైల్ ప్రెడ్నిసోలోన్‌ను 500 మిల్లీగ్రాములు, ఒక గ్రాము చొప్పున వరుసగా ఎక్కిస్తారు. నిద్రపోతున్న స్ట్రాంజిలాయిడిస్‌ను లేపడానికి ఇంతకన్నా బలమైన కారణం లేదు. “నాకు ఐవర్‌మెక్టిన్ ఎప్పుడైనా ఇచ్చారా, పరీక్ష చేశారా” అని ఫైలు చూసి చెప్పమనండి. రిజెక్షన్ చికిత్స ఆపమని దీని అర్థం కాదు, అది ఆలస్యమైతే కిడ్నీ పోతుంది. రెండూ ఒకే రోజు మొదలుపెట్టవచ్చు.

పురుగు ఒళ్లంతా పాకిందన్నారు. ఇప్పుడేం చేస్తారు?

దీన్ని హైపర్ ఇన్ఫెక్షన్ అంటారు. చికిత్స చేసినా సగానికి పైగా చనిపోయిన నివేదికలున్నాయి. అందుకే ఇంత గోల.

ఐవర్‌మెక్టిన్ రోజూ ఇస్తూ పోతారు, మలంలో, కఫంలో పురుగు కనిపించడం ఆగిపోయాక ఇంకో రెండు వారాల దాకా. కొందరికి ఆల్బెండజోల్ కూడా కలుపుతారు. బాక్టీరియాకు యాంటీబయాటిక్స్ నడుస్తూనే ఉంటాయి. స్టెరాయిడ్‌ను వీలైనంత తగ్గిస్తారు, మిగతా మందుల్ని కిడ్నీ పోకుండా ఎంతవరకు దించవచ్చో చూస్తారు. పేగు కదలిక ఆగిపోతే మింగిన మాత్ర ఒంటికి పట్టదు. అలాంటప్పుడు మలద్వారం గుండా ఇవ్వడం, ప్రత్యేక అనుమతితో పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను చర్మం కింద ఇవ్వడం ప్రపంచంలో చాలాచోట్ల చేశారు. చూసుకునేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, మలంలో, కఫంలో ఉన్న పిల్లలకు చర్మాన్ని తొలిచే శక్తి ఉంటుంది.

గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ మా ఇంట్లోనే ఉంది. అది వాడుకోవచ్చా?

వద్దు. ఐసీయూలో, వేరే దారి లేనప్పుడు, మోతాదు లెక్కకట్టి డాక్టర్లు ఇచ్చే పద్ధతిని ఇంట్లో అనుకరించకూడదు. పశువుల మందు గాఢత వేరు, ఒక్క మిల్లీలీటరు తేడా వచ్చినా మనిషికి చాలా ఎక్కువ. మనుషుల మాత్రలు మందుల షాపులో చవగ్గానే దొరుకుతాయి.

పురుగుల మందు వాడితే టాక్రో లెవెల్ (రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందన్న లెక్క) మారుతుందా?

ఐవర్‌మెక్టిన్ ఒకటి రెండు రోజుల మోతాదుతో సాధారణంగా పెద్ద మార్పు ఉండదు. రోజుల తరబడి వాడితే లెవెల్ చూస్తూ ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే మాత్రం మందుతో సంబంధం లేకుండానే టాక్రో లెవెల్ పెరగవచ్చు. ఆల్బెండజోల్ ఎక్కువ రోజులు వాడితే తెల్లరక్తకణాలు తగ్గవచ్చు, లివర్ ఎంజైములు పెరగవచ్చు. మైకోఫినోలేట్, అజాథయోప్రిన్ కూడా తెల్లకణాలను తగ్గించేవే కాబట్టి రక్తపరీక్షలు దగ్గరదగ్గరగా చేయించాలి.

సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు ఈ పురుగు రాదంటారు, నిజమా?

సగం నిజం. సైక్లోస్పోరిన్‌కు ఈ పురుగును కొంత అణిచే గుణం ఉందని జంతువుల మీద పరిశోధనల్లో తేలింది. దాన్ని నమ్ముకుని పరీక్ష మానేయకూడదు. సైక్లోస్పోరిన్ నుంచి టాక్రోలిమస్‌కు మార్చినప్పుడు ఈ సంగతి గుర్తుచేయండి.

తొడ మీద ఎర్రటి గీత వచ్చి గంటగంటకూ పొడవవుతోంది. ఏమిటిది?

గంటకు అయిదు నుంచి పది సెంటీమీటర్ల వేగంతో పాకుతుంటే అది స్ట్రాంజిలాయిడిస్ గీతే కావచ్చు, వేరే పురుగుల గీతలు సాధారణంగా అంత వేగంగా సాగవు. కుక్కల కొంకిపురుగు వల్ల కూడా వంకర గీతలు వస్తాయి, అవి ఎక్కువగా పాదాల మీద, రోజుకు కొద్దిగానే సాగుతాయి. గీత సాయంత్రానికి మాయమైపోవచ్చు కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి, టైమ్ రాసి పెట్టుకోండి. డాక్టర్‌కు ఆ ఫొటో చాలా ఉపయోగం.

## ఇంటికి వచ్చాక, తర్వాతి ఏళ్లలో

పొలం పనికి వెళ్లొచ్చా?

మొదటి ఆరు నెలలు వద్దు. పురుగుల వల్లే కాదు, మట్టిలో ఫంగస్ కూడా ఉంటుంది. తర్వాత డాక్టర్ సరేనంటే గమ్ బూట్లు, గ్లౌజులతో వెళ్లవచ్చు. బురదలో బూట్లతో నాట్లు వేయడం కుదరదని తెలుసు. నాట్లు, కలుపు పని వేరేవాళ్లకు వదిలేసి గట్టు మీద పని చూసుకోండి. పశువుల కొట్టం ఉత్త కాళ్లతో ఊడవడం, ఎరువు చేత్తో చల్లడం మానేయండి. ఇంటి ఆవరణలోనూ చెప్పులు వేసుకునే తిరగాలి.

తిండి విషయంలో ఏం చూసుకోవాలి?

ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా పచ్చిగా తినేటప్పుడే అసలు సమస్య. మురుగునీటితో పండించిన ఆకు మీద ఏలికపాము గుడ్లు, బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు. పారే నీళ్లలో ఆకు ఆకు విడదీసి కడిగినా గుడ్లు అంటుకునే ఉంటాయి, ఉడికిస్తే మాత్రం చస్తాయి. కాబట్టి కొత్తిమీర కూర దించాక కాకుండా ఉడికేటప్పుడే వేయండి. పచ్చి ఉల్లిపాయ, కీర దోస తొక్క తీసి తినొచ్చు. బయటి చట్నీలు, పానీపూరీ నీళ్లు వద్దు. నీళ్లు తెర్లేలా మరిగించి తాగాలి. మాంసం లోపల ఎరుపు పోయేదాకా ఉడకాలి, పందిమాంసం మరీను. ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తే పచ్చి పీతల వంటకాలు ముట్టొద్దు, వాటిలో ఊపిరితిత్తుల పురుగు ఉంటుంది.

ఫిట్స్ వచ్చాయి. మెదడులో పురుగు ఉందన్నారు. నేను పందిమాంసమే తినను కదా?

శాకాహారులకూ వస్తుంది. పందిమాంసం సరిగా ఉడకకుండా తింటే పేగులో బద్దెపురుగు వస్తుంది. మెదడులో తిత్తులు రావడానికి కారణం ఆ పురుగున్న మనిషి మలంతో కలుషితమైన నీళ్లు, కూరల ద్వారా గుడ్లు కడుపులోకి పోవడం.

మార్పిడి అయినవాళ్లకు ఇక్కడ మందుల చిక్కు ఉంది. ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లాంటి ఫిట్స్ మందులు టాక్రో లెవెల్‌ను బాగా పడగొట్టి రిజెక్షన్ తెస్తాయి. లెవెటిరాసెటమ్‌తో ఆ ఇబ్బంది లేదు. ఊళ్లో ఎమర్జెన్సీలో చూపించుకుంటే మార్పిడి అయిందని మొదటి మాటగా చెప్పండి. ఆల్బెండజోల్ సొంతంగా మొదలుపెట్టొద్దు. తిత్తులు చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ పెరుగుతాయి, కంటిలో తిత్తి ఉంటే చూపు పోవచ్చు. ముందు కళ్ల పరీక్ష, స్కాన్ కావాలి.

లివర్‌లో నీటిబుడగ ఉందన్నారు. హైడాటిడ్ అంటే?

కుక్క పేగులో ఉండే చిన్న బద్దెపురుగు గుడ్లు మన కడుపులోకి పోతే లివర్‌లో, ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పెరిగే తిత్తి ఇది. గొర్రెల కాపరులున్న చోట ఎక్కువ. కుక్కలకు గొర్రె పేగులు, లివర్ పచ్చిగా వేస్తే ఈ చక్రం నడుస్తూనే ఉంటుంది. మార్పిడికి ముందే తేల్చుకోవాలి. తెలియక సూదితో గుచ్చితే లోపలి నీళ్లు చిమ్మి తీవ్రమైన అలర్జీ రావచ్చు, కొత్త తిత్తులు పుట్టవచ్చు.

మూత్రం పాలలా తెల్లగా వస్తోంది. కొత్త కిడ్నీ పాడైందా?

ఫైలేరియా వల్ల శోషరస నాళాలు మూసుకుని ఆ ద్రవం మూత్రంలోకి కారితే అలా వస్తుంది. పరీక్షలో ప్రొటీన్ బాగా ఎక్కువ కనిపించి రిజెక్షనేమో అనిపిస్తుంది. మూత్రంలో కొవ్వు పరీక్ష, రాత్రి రక్తపరీక్ష చేస్తే తేడా తెలుస్తుంది. కొవ్వు ఎక్కువ తిన్న మర్నాడు పెరిగితే ఆ సంగతి చెప్పండి.

నా నుంచి పిల్లలకు అంటుతుందా?

మామూలు ఇంట్లో, మరుగుదొడ్డి వాడుతుంటే స్ట్రాంజిలాయిడిస్ అంటడం చాలా అరుదు. అయితే ఇంట్లో అందరూ ఒకే మట్టిలో తిరిగారు కాబట్టి వాళ్లకూ పరీక్ష చేయించడం మంచిది. నులిపురుగులు (ఇక్కడ మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నటి పిన్‌వార్మ్‌లు) తేలిగ్గా అంటుకుంటాయి, వాటికి ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వేసుకోవాలి.

కుక్కను పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు. మూడు నెలలకోసారి పశువుల డాక్టర్ దగ్గర పురుగుల మందు వేయించండి, దాని మలం మీరు ఎత్తకండి, మూతి నాకనివ్వకండి.

వేపాకు, వాము, గుమ్మడి గింజలతో పురుగులు పోవా?

స్ట్రాంజిలాయిడిస్ పోదు. వంటలో వాము వేసుకుంటే నష్టం లేదు, కానీ కషాయాలు, చూర్ణాలు లివర్ మీద, టాక్రో లెవెల్ మీద ఏం చేస్తాయో చెప్పలేం. పంపరపనస విషయంలో మాత్రం కచ్చితంగా చెప్పగలం, అది టాక్రో లెవెల్‌ను ప్రమాదకరంగా పెంచుతుంది. వినాయకచవితి పాలవెల్లికి కట్టుకోండి, తినకండి.

ఆరు నెలలకోసారి పురుగుల మాత్ర వేసుకుంటూ ఉండాలా?

అందరికీ అక్కర్లేదు. ఒకసారి సరైన మందుతో పూర్తి చికిత్స అయి, మళ్లీ మట్టిలో తిరగకపోతే చాలు. వ్యవసాయం కొనసాగించేవాళ్లకు, స్టెరాయిడ్ పెంచాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం.

పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది?

చికిత్స తర్వాత మల పరీక్ష మళ్లీ చేస్తారు. మొదట పాజిటివ్ వచ్చిన యాంటీబాడీ పరీక్షను ఆరు నెలలకు, ఏడాదికి చేస్తే విలువ బాగా దిగాలి. దిగకపోతే, లేదా దిగి మళ్లీ పెరిగితే పురుగు మిగిలిందేమో అని రెండో విడత ఇస్తారు. మొదటి రిపోర్టు పారేయకండి. అంకెలు పోల్చాలంటే అదే ల్యాబ్‌లో చేయించాలి. ఐవర్‌మెక్టిన్ వేసుకున్న తేదీ, మోతాదు డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, దాని ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. అర్ధరాత్రి వేరే ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి డాక్టర్‌కు ముందుగా కావలసింది ఆ వివరమే.